కాటుక రేకుల పొడకు పేరు పెట్టినదెవరు?

తెలుగు తీరపు పాములు, చేపలు, చెట్లు 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ కొలువులోని వైద్యుల చేతుల మీదుగా పుస్తకాలకెక్కాయి. లినేయస్ శిష్యుడు కోనిగ్ ఈ తీరం వెంట తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో తోట వేసి మొక్కల్ని పరిశీలించాడు. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో పాములను, చేపలను సేకరించాడు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ ఈ మధ్య సభల్లోనూ పత్రికల్లోనూ పదే పదే వినబడుతున్న మాటతోనే: దొరలు వచ్చి రాయకపోతే ఇక్కడి చెట్టూ పుట్టా సంగతి ఇక్కడివాళ్లకే తెలిసేది కాదట. ఆ మాటకు బడి పుస్తకాలు ఇచ్చిన అచ్చురూపం ‘కనుగొన్నాడు’ అన్న క్రియ. అది పచ్చి అబద్ధం. దాన్ని కాదనే సాక్ష్యం ఆ దొరల పుస్తకాల్లోనే ఉంది.

రస్సెల్ పాముల గ్రంథం 1796లో లండన్‌లో వెలువడింది. అందులో రక్తపింజరకు ఆయన రాసుకున్న పేరు ‘కాటుక రేకుల పొడ’. పొడ అంటే మచ్చ. ఆ పాము వీపు పొడుగునా గోధుమరంగు మచ్చలు బారులు తీరి ఉంటాయి. ఒక్కో మచ్చ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు ఉంటుంది. ఆ పేరు పెట్టినవాళ్లు పామును ఎంత దగ్గరగా చూసి ఉండాలి! చేలో దిగే మనిషి చూడగానే ఆనవాలు పట్టి పక్కకు తప్పుకునేలా కట్టిన పేరది. మరుసటి ఏడాదే బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి జార్జ్ షా దాని శాస్త్రనామంలో రస్సెల్ ఇంటిపేరు చేర్చాడు. ‘రస్సెల్’ అన్న శబ్దంలో పాము రంగు లేదు, గుర్తు లేదు, హెచ్చరిక అసలే లేదు. అయినా ఇవాళ పిల్లలు వల్లించేది రస్సెల్స్ వైపర్ అనే. కాటుక రేకుల పొడ అంటే వాళ్లకూ తెలియదు, వాళ్ల పంతులుకూ తెలియదు. ఎంత నష్టం ఇది! ఒక భాష కొన్ని తరాల పాటు ప్రాణాలకు తెగించి కూడబెట్టిన పరిశీలన ఒక ఇంటిపేరు కింద సమాధి అయింది.

కట్లపాముల ప్రజాతికి శాస్త్రనామం బంగారస్. 1803లో ఫ్రెంచి పరిశోధకుడు డోడాఁ దీన్ని కొత్తగా పుట్టించలేదు. రస్సెల్ పుస్తకంలో తెలుగు పేరుగా ఉన్న ‘బంగారం పాము’కు లాటిన్ తోక తగిలించాడు, అంతే. ఒంటి మీద పసుప్పచ్చ పట్టీలున్న పాము కాబట్టి ఇక్కడివాళ్లు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. జ్వరానికి వాడిన బెరడు గల సోమిద చెట్టు సంగతీ ఇంతే. దాని ప్రజాతి పేరు సోయ్‌మిడా ఆ తెలుగు మాటే. కనుగొన్నవాడికి పేరు చెప్పిన మనిషి ఒకడుండగా, కనుగొన్నదెవరు?

రాక్స్‌బర్గ్‌ను ఈ విషయంలో తప్పుపట్టలేం. ఆయన మొక్క మొక్కకూ తెలుగు పేరు అడిగి రాసుకున్నాడు. తప్పంతా ఆయన పుస్తకాల నుంచి లాటిన్ పేర్లను ఉంచుకుని, తెలుగు పేర్లను వదిలేసిన తర్వాతివాళ్లది. బొమ్మల విషయంలో మాత్రం అన్యాయం మొదటినుంచీ ఉంది. సామర్లకోట నుంచి దాదాపు 500 చిత్రాలు లండన్ చేరాయి. వాటిలో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఏరిన 300 చిత్రాలు 1795 నుంచి పాతికేళ్లపాటు మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆకు ఈనెనూ పువ్వు కేసరాన్నీ విడివిడిగా గీసిన చిత్రకారులు ఈ దేశం వాళ్లే. ఒక్కరి పేరూ నిలవలేదు.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్లకు కడప జిల్లా కలివికోడి జవాబు చెబుతుంది. కంపెనీ వైద్యుడు జెర్డన్ పేరు మోస్తున్న ఈ పిట్ట 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంటపడలేదు. అంతరించిందని రాసేశారు. 1986 జనవరిలో లంకమల అడవి అంచున రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టి చూపించాడు. ‘తిరిగి కనుగొన్నారు’ అని పత్రికలు రాశాయి. కలివి పొదల మధ్య తిరిగే ఆ పిట్ట ఆ ఊరివాళ్లకు ఏనాడూ తప్పిపోలేదు.

ప్రపంచమంతటికీ ఒకే పేరు ఉండాలి కాబట్టి లాటిన్ తప్పదనే వాదన ఒకటుంది. ఉండనీ, దాన్ని తీసేయమని ఎవరూ అడగడం లేదు. బడి పుస్తకంలో, జంతుప్రదర్శనశాల బోర్డు మీద ముందు తెలుగు పేరు రావాలి. ‘కనుగొన్నాడు’ పోయి ‘నమోదు చేశాడు’ రావాలి. రస్సెల్, రాక్స్‌బర్గ్ పుటల్లో ఇంగ్లిషు లిపిలో వంకర్లు తిరిగిపోయిన తెలుగు పేర్లను, చెట్టూ పిట్టా తెలిసిన ఊరివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటిగా సరిచేసి రాసుకోవాలి.