ఒకే గంపలో అందరూ

సూరత్ పవర్‌లూమ్‌లలో పన్నెండేసి గంటల షిఫ్టులు చేసి, ఒళ్లు చెడో పని పోయో ఒడిశాలోని గంజాం జిల్లాకు తిరిగొచ్చిన కుర్రాణ్ణి ఊళ్లో అందరూ సోమరి అంటారు. 2020 లాక్‌డౌన్‌లో శ్రామిక రైళ్లు అక్కడి బరంపురం స్టేషన్లో దింపింది ఇలాంటివాళ్లనే. అప్పుడు మాత్రం పాపం అన్నారు! చదువు, పని, శిక్షణ మూడూ లేని యువతను సర్వేలు ఒకే గంపలో వేస్తాయి. ఆ కుర్రాడూ అందులోనే. డిగ్రీ పట్టా బీరువాలో పెట్టి నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేవాడూ అందులోనే. తెల్లారకముందే బిందెలు నింపి, మంచంపట్టిన నాయనమ్మకు స్నానం చేయించి, తమ్ముణ్ణి బడికి తోలే అమ్మాయీ అందులోనే. నిజానికి దేశమంతటా ఈ గంపలో ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్లను ఆపుతున్నది బద్ధకం కాదు, ఇంటిచాకిరి. బరంపురం ప్రభుత్వ ఐటీఐ తుక్కు ఇనుముతో శిల్పాలు చేయించి పేరు తెచ్చుకుంది, సంతోషమే. కానీ పొద్దున్నే మొదలయ్యే క్లాసుకు ఆ అమ్మాయి ఎలా వస్తుంది? కొత్త శిక్షణ కేంద్రానికి రిబ్బను కత్తిరించే ముందు అధికారులు ఆమె ఇంటికెళ్లి, ఏ రెండు గంటలు తీరిక దొరుకుతుందో అడిగి, బ్యాచి టైము అప్పుడు పెట్టాలి.