బైక్రోమేట్‌ను వదిలేద్దాం

ప్లాస్టిక్‌కు కేంద్రం కళ్లెం వేశాక గుడ్డ సంచికి మళ్లీ దారి తెరుచుకుంది. 75 మైక్రాన్లలోపు క్యారీబ్యాగులను 2021 సెప్టెంబరు 30 నుంచి, 120 మైక్రాన్లలోపు వాటిని 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. కర్నూలు జిల్లాలో పత్తికి పేరుపడ్డ ఆదోని, మగ్గానికి పేరుపడ్డ ఎమ్మిగనూరు, వాటికి దక్షిణాన ఉన్న మద్దికెర లాంటి మండల కేంద్రాలు ఈ అవకాశాన్ని అందుకోగలవు. వందల సంచుల మీద ఒకే రంగులో దుకాణం పేరు వేయాలంటే స్క్రీన్ ప్రింటింగ్ ఇప్పటికీ చవక. ఫ్రేముకు బిగించిన మెష్, స్క్వీజీ, రంగు ఉంటే పని మొదలవుతుంది. అయితే నేలకు మేలు చేస్తుందని అమ్మే సంచి వెనుక విషపు రసాయనం ఉండకూడదు. అందుకే స్క్రీన్ తయారీలో బైక్రోమేట్‌ను వదిలి డయాజో ఎమల్షన్‌కు మారాలి. దీనివల్ల ఆరోగ్యమూ నిలబడుతుంది, పనీ బాగుపడుతుంది.

ఎమల్షన్ అంటే వెలుగు తగిలితే గట్టిపడే జిగురు. మెష్‌కు పూసి ఆరబెట్టి, పైన నల్లటి అక్షరాలున్న ఫిల్మ్ (పాజిటివ్) పెట్టి వెలుగు చూపితే, అంటే ఎక్స్‌పోజ్ చేస్తే, ఆ అక్షరాల కింద మాత్రం మెత్తగా మిగిలి, నీళ్లకు కరిగిపోతుంది. జిగురుకు ఈ గుణం తెచ్చే పాత మందు బైక్రోమేట్, దాని బదులు వాడగలది డయాజో. బైక్రోమేట్‌లో ఉండేది హెక్సావలెంట్ క్రోమియం. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా బైక్రోమేట్‌ను వాడకూడదు. చిన్న ప్రెస్సు వాడేదెంత అని కొందరు అడగవచ్చు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరులో క్రోమియం 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక్క గ్రాము బైక్రోమేట్‌లో ఉన్న క్రోమియం 7 నుంచి 8 వేల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చడానికి సరిపోతుంది. స్క్రీన్ కడిగిన పచ్చటి నీళ్లు మురుగు కాలువలో కలిస్తే జరిగేది ఇదే. గ్లౌజులు లేకుండా కడిగితే ముందు దెబ్బ తినేది ఆ చేతుల చర్మం.

పనిలో కూడా బైక్రోమేట్‌ను నమ్ముకోలేం. పూసి ఆరబెట్టిన స్క్రీన్ చీకట్లో ఉన్నా దానంతటదే గట్టిపడుతుంది, వేడి పెరిగితే ఇంకా త్వరగా. కర్నూలు పడమటి ఊళ్లలో ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో పొద్దున పూసిన స్క్రీన్ సాయంత్రానికి మొండికేస్తే తప్పు పనివాడిది కాదు. డయాజో పూసిన స్క్రీన్‌ను చల్లటి చీకటి చోట ఉంచితే రోజుల తరబడి పనికొస్తుంది. ఎంతసేపు ఎక్స్‌పోజ్ చేయాలన్న కొలత కూడా చేతిలోనే ఉంటుంది. ఒకే స్క్రీన్ మీద నల్ల అట్టను జరుపుతూ 2, 4, 6, 8, 10 నిమిషాల పట్టీలుగా ఎక్స్‌పోజ్ చేసి కడగాలి. వెలుగు చాలని పట్టీ లోపలి వైపు వేలికి జిగటగా తగులుతుంది. వెలుగు ఎక్కువైన చోట సన్న గీతలు పూడిపోతాయి. పసుపు రంగు మారడం ఆగి, లోపల గట్టిగా ఉండి, సన్న గీత శుభ్రంగా తెరుచుకున్న పట్టీయే సరైన సమయం. స్క్రీన్‌లో పిన్‌హోల్స్ (సన్న రంధ్రాలు) పడితే ఎమల్షన్ డబ్బాను తిట్టుకునే ముందు మెష్ జిడ్డు పోయిందా, దుమ్ము చేరిందా, వెలుగు చాలిందా అని చూడాలి. డయాజోను ఉప్పు బోరు నీళ్లతో కాకుండా డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. గుడ్డ మీద వేసేది నీటి రంగు కాబట్టి నీటికి తట్టుకునే రకాన్నే అడిగి కొనాలి.

ఫొటోపాలిమర్ అనే మరో రకం ఎమల్షన్ ఇంకా మేలు కదా అనవచ్చు. కలపనక్కర్లేదు, ఎక్కువకాలం నిల్వ ఉంటుంది, నిజమే. కానీ క్షణాల్లో ఎక్స్‌పోజ్ అయిపోతుంది కాబట్టి ఎండలోనో ట్యూబ్‌లైట్ల పెట్టె మీదో పనిచేసేవారికి కొలత తప్పడం సులువు. డయాజో నిమిషాలు తీసుకుంటుంది గనుక కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. అసలైన అభ్యంతరం ధర. డయాజో ఖరీదెక్కువ, కలిపిన డబ్బా కొన్ని వారాలకే పాడవుతుంది, చిన్న ప్రెస్సుకు అంతలో దాన్ని వాడేయడం కుదరదు. ఈ చిక్కుకు విరుగుడు ఈ సీమకు తెలియనిది కాదు. ఎమ్మిగనూరు చేనేత కార్మికుల సహకార సంఘాన్ని 1938లో మాచాని సోమప్ప నిలబెట్టారు. ఒక్కొక్కరికి అందనిది పదిమంది కలిస్తే అందుతుందన్నదే సహకారం. ప్రెస్సులవారు కూడా డబ్బాను ఉమ్మడిగా కొని, కలిపిన రోజే పంచుకుంటే వృథా ఉండదు. చెడిన స్క్రీన్లు, పోయిన ఆర్డర్లు లెక్కేస్తే ధరలో తేడా చాలావరకు అక్కడే తీరుతుంది.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. నైపుణ్య శిక్షణలో, చేనేత శాఖ కార్యక్రమాల్లో ఎమల్షన్ ఎంపికను, పట్టీల పరీక్షను ఒక పాఠంగా చేర్చాలి. బైక్రోమేట్ డబ్బా మీద ప్రమాద హెచ్చరిక తెలుగులో ఉండాలి. మిగిలిన మందును కాలువలో పోయకుండా అప్పగించే చోటు ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఒక్కొక్కటైనా కాలుష్య నియంత్రణ మండలి చూపించాలి. గుడ్డ సంచులకు ఆర్డరిచ్చే దుకాణదారులు, దేవస్థానాలు, కార్యాలయాలు కూడా బైక్రోమేట్ వాడని ప్రెస్సుకే పని ఇస్తామని ముందే చెప్పాలి. కొనేవాడు అడిగితే మార్పు ఆదేశాలకన్నా త్వరగా వస్తుంది.