తీసేసిన టైరు ఎవరి బండికి?



సంధులూ సమాసాలూ తప్ప అన్యమెరుగని ఈ పంతులు నేడు కారు టైరును గురించి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. సంక్రాంతి సెలవులలో జరిగిన ఒక చిన్న సంఘటన నాటి నుండి నన్ను వదలడం లేదు. మీతో పంచుకుంటే కొంత స్థిమితం కలుగుతుందేమోనని ఈ టపా.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ క్రితం మహావేగంతో పోగల కారొకటి కొన్నాడు. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆనాడు శంషాబాదు వైపు నుండి ఔటర్ రింగు రోడ్డు మీద ఇంటికి వస్తూ ఉండగా, వెనుక చక్రంలో గాలి తగ్గుతున్నదని హెచ్చరిక దీపం వెలిగింది. ఆ రహదారి నడుమ బండి ఆపడం ప్రమాదమని, వాడు వేగం బాగా తగ్గించి, సుమారు మూడు కిలోమీటర్ల అవతల ఉన్న దిగుడుదారి వరకు అట్లాగే నడిపించాడు. అది సరియైన నిర్ణయమే. టైరు కంటె మనుషులు ముఖ్యం కదా! దిగి చూస్తే టైరు పూర్తిగా చతికిలబడి ఉంది. నేలను తాకే పట్టా నడుమ ఒక స్క్రూ తల మెరుస్తున్నది.

"స్టెప్నీ తియ్యరా" అన్నాను.

"దీనికి స్టెప్నీ ఉండదు నాన్నా" అన్నాడు.

ఈ స్టెప్నీ అనే మాటకు ఒక చిన్న కథ ఉంది. 1904 ప్రాంతంలో వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో, స్టెప్నీ అనే వీధిలో అదనపు చక్రాలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ వీధి పేరే మన దేశంలో వస్తువు పేరయి నిలిచింది. ఇప్పుడు ఆ వస్తువే మాయమవుతున్నది. గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటూ, మరమ్మతు పెట్టె ఉన్న ట్యూబులేని టైర్ల కార్లకు అదనపు చక్రం తప్పనిసరి కాదని 2020లో కేంద్రప్రభుత్వం నియమాలను సవరించింది. మావాడు ఆ పెట్టె తెరిచి, సీసాలోని తెల్లని ద్రవాన్ని టైరులోకి ఎక్కించి, చిన్న పంపుతో గాలి కొట్టాడు. గాలి నిలిచింది. గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా మరమ్మతు దుకాణం వరకు పోవడానికి మాత్రమే ఆ మందు అన్నాడు.

నేను మాత్రం బాగుపడ్డదనే అనుకున్నాను. సైకిలు ట్యూబును నీళ్ళ పళ్ళెంలో ముంచి, బుడగలు వచ్చిన చోట గీకి, సొల్యూషను పూసి అతుకు వేసుకున్న తరం మాది. నా సైకిలు ట్యూబుకు పదకొండు అతుకులు ఉండేవని నేటికీ గర్వంగా చెప్పుకుంటాను. అందుచేత రోడ్డు పక్క పంక్చరు దుకాణం దగ్గర దిగగానే, "పైనుంచి ఒక తాడు దూర్చి పంపించు నాయనా" అన్నాను.

"పైనుంచి చూస్తే ఏం తెలుస్తది సార్? ఇప్పి చూడాలె" అన్నాడతడు.

టైరును రిమ్ము నుండి ఊడదీసి, లోపలి తెల్లని ద్రవాన్ని గుడ్డతో తుడిచి, దీపం పెట్టి చూపించాడు. లోపల నల్లని రబ్బరు పొడి రాలి ఉంది. పక్కగోడ లోపలివైపు చుట్టూతా వలయాకారంగా ఒరిసిపోయిన చార. "గాలి లేకుండ నడిచింది సార్. బండి బరువంత గోడ మీద పడి నలిగింది. బొక్క చిన్నదే. గోడ పోయింది. నేను వెయ్య" అన్నాడు. వేస్తే అతనికి నాలుగు డబ్బులు వచ్చేవి. నేను అడగకపోయినా తాడు దూర్చేవాళ్ళు ఎందరో ఉన్నారు. అడిగినా వేయనన్న ఆ మనిషికి అక్కడే మనసులో నమస్కరించాను.

ఆ టైరు మీది వ్రాత ఇది: 255/40 ఆర్ 18 99 వై. మనవాళ్ళు సూత్రాలలో అర్థం ఇరికించినట్లు ఇందులోనూ ఎంతో ఇరికించారు. టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో నూటికి 40 వంతులు, అనగా నాలుగు అంగుళాలే. రేడియల్ నిర్మాణం, 18 అంగుళాల రిమ్ము. 99 అంటే ఒక్క టైరు 775 కిలోలు మోయగలదు. 'వై' అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. అంత భారానికీ అంత వేగానికీ ఆధారం ఆ నాలుగు అంగుళాల గోడ. అది నలిగిన తరువాత గాలి నిలిచినంత మాత్రాన బలం నిలిచినట్లు కాదు.

అట్లాగని మేకు గుచ్చుకున్న ప్రతి టైరునూ పారవేయమనడం కూడా నాకు సమ్మతం కాదు. రంధ్రం పట్టా నడుమ భాగంలో ఉండి, 6 మిల్లీమీటర్లకు మించకుండా, లోపల ఏ నలుగుడూ లేకపోతే మరమ్మతు చేయవచ్చు. అదైనా పైనుండి తాడు దూర్చి కాదు. లోపలి నుండి పుట్టగొడుగు ఆకారపు అతుకు వేయాలి. దాని కాడ రంధ్రాన్ని పూడుస్తుంది, గొడుగు లోపలి పొరను మూస్తుంది. అటువంటి టైరును కూడా పూర్వపు గరిష్ఠవేగానికి నమ్మవద్దని కొందరు తయారీదార్లు అంటారు. ఆ మాట పాటించడమే మేలు. పట్టా అంచునగాని పక్కగోడకుగాని దెబ్బ తగిలితే ఇక మరమ్మతు మాటే లేదు.

మరునాడు ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాము. రెండవ వెనుక టైరు సగం అరిగి ఉన్నందున, ఇరువైపులా పట్టు సమంగా ఉండాలని జత మార్చమన్నారు. మార్పించాము. నా మనసులో ముల్లు గుచ్చుకున్నది ఆ తరువాత. పాత రెండింటినీ తామే తీసుకొని కొంత సొమ్ము తగ్గిస్తామన్నారు. సగం అరిగిన టైరులో దోషం లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. మరి ఆ నలిగినదో?

"ఇలాంటి కార్లు సెకండుహ్యాండులో కొనే కుర్రాళ్ళు ఉంటారు సార్. కొత్త టైర్లు కొనలేరు. తాడు వేస్తే గాలి నిలుస్తుంది, వాళ్ళకు అంతే చాలు" అన్నాడు ఆ ఉద్యోగి, ఏ సంకోచమూ లేకుండా.

నాకు వెంటనే నా పూర్వ విద్యార్థి ఒకడు గుర్తుకొచ్చాడు. నిరుడు పదేళ్ళ పాత కారొకటి చవకగా కొని, తెనాలిలో మా ఇంటికి తెచ్చి, కాళ్ళకు నమస్కరించాడు. "టైర్లు కూడా సగానికి సగం ధరకే దొరికాయి మాస్టారూ!" అని మురిసిపోయాడు. నేనూ మెచ్చుకున్నాను.

"దాన్ని కోసి పడేయండి" అన్నాను. "డబ్బు తగ్గదు సార్" అన్నారు. "మనకెందుకు నాన్నా" అని మా అబ్బాయి గొణిగాడు. "మన ప్రాణానికి పనికిరానిది మరొకరి ప్రాణానికి ఎట్లా పనికివస్తుందిరా?" అని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత తానే కత్తి అడిగి తీసుకొని పక్కగోడను నాలుగుచోట్ల కోశాడు. ఇటువంటి టైర్ల పక్కగోడలో ఉక్కుతీగల పట్టీలు ఉండవు కనుక సులభంగానే తెగింది.

ఇది వృథా అని కొందరు అనవచ్చు. లారీ టైర్లకు కొత్త పట్టా వేసి మళ్ళీ నడపడం నేనూ ఎరుగుదును. అయితే ఆ పని లోపలి కట్టు గట్టిగా ఉన్నవాటికే చెల్లుతుంది. పనికిరానివాటిని పొడిచేసి రోడ్ల తారులో కలిపే పద్ధతి ఉన్నది. పాత టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదార్ల మీద పెడుతూ 2022లో కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది. కోసిన టైరుకు ఆ దారి ఉండనే ఉంది.

కనుక మిత్రులారా, మేకు దిగితే టైరు విప్పించి లోపల చూడండి. బాగుంటే అతుకు వేయించండి. బాగోకపోతే మార్చండి. మార్చినదాన్ని మీ కళ్ళెదుటే కోయించండి. నా అభిప్రాయంలో లోపముంటే వ్యాఖ్యలలో సరిదిద్దగలరు.

ఆ విద్యార్థికి అదే రాత్రి ఫోను చేసి, నాలుగు టైర్లూ విప్పించి చూపించమన్నాను. "ఆదివారం తప్పకుండా చూపిస్తాను మాస్టారూ" అన్నాడు. రెండు ఆదివారాలు గడిచాయి. రేపు మళ్ళీ చేయాలి.