బాగుచేయగలిగిన కెమెరానే చవకైన కెమెరా

ఫిల్మ్ కెమెరాల మీద కుర్రకారుకు మళ్ళీ మోజు పుట్టింది. మోజుతో పాటే ధరలూ లేచాయి. అయితే సెకండ్ హ్యాండ్ బజారులో ధరను బట్టి ఒక కెమెరాకు ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది గానీ, అది ఎంతకాలం పనిచేస్తుందో తెలియదు. 1990లో వచ్చిన కాంటాక్స్ టీ2నే చూడండి. టైటానియం బాడీ, జైస్ లెన్స్, జేబులో పట్టే సైజు. పేరున్న మోడళ్ళ చేతుల్లో కనబడ్డాక దాని వెల సామాన్యుడికి అందనంత పైకి పోయింది. దాన్ని తయారుచేసిన క్యోసెరా కంపెనీ మాత్రం కాంటాక్స్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2005లోనే ప్రకటించింది. లోపలి సర్క్యూట్ బోర్డు పోతే కొత్తది దొరకదు. చచ్చిన ఇంకో టీ2 లోంచి పీకి పెట్టుకోవలసిందే. అందుకే ఫిల్మ్ కెమెరా కొనబోయేవాళ్ళు ‘ఎంత?’ అని అడిగే ముందు ‘పాడైతే ఎవరు బాగుచేస్తారు?’ అని అడగాలంటాను.

ఆ ప్రశ్నకు తేలిగ్గా జవాబు దొరికే కెమెరాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. డిజిటల్ రాకముందు మన స్టూడియోల వాళ్ళు పెళ్ళిళ్ళకు భుజాన వేసుకు తిరిగిన పెంటాక్స్ కె1000, యాషికా ఎఫ్ఎక్స్-3, నికాన్ ఎఫ్ఎం10 లాంటివి. కె1000 సంగతే తీసుకుందాం. 1976 నుంచి 1997 దాకా పెద్ద మార్పుల్లేకుండా తయారైంది. షట్టర్ స్ప్రింగులతో, పళ్ళచక్రాలతో నడుస్తుంది. బ్యాటరీ లైట్ మీటర్‌కు మాత్రమే. ఆ మీటర్‌కు స్విచ్ కూడా లేదు, లెన్స్‌కు మూత పెట్టేస్తే చాలు. బ్యాటరీ అయిపోయినా ఫొటో ఆగదు. మంచి ఎండలో ఐఎస్ఓ 200 ఫిల్మ్‌కు ఎపర్చర్ 16, షట్టర్ సెకనులో 250వ వంతు పెడితే సరిపోతుంది. మబ్బు పడితే ఎపర్చర్‌ను 8కి తెరవాలి. ఇలాంటి కెమెరాకు వచ్చే జబ్బులు కూడా కంటికి కనబడేవే: నూనె గడ్డకట్టడం, స్ప్రింగు వదులవడం, స్పాంజి కరిగి బంకవడం. చెయ్యి తిరిగిన మెకానిక్ విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించగలడు. ఈ మోడల్ లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి విడిభాగాల కోసం పాడైన బాడీ ఇంకోటి వెతుక్కోవడమూ కష్టం కాదు.

లెన్సుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఆ రోజుల్లో బాడీతో పాటు మామూలుగా వచ్చింది 50 ఎంఎం లెన్సే, ఎపర్చర్ 1.8 లేదా 2. లెక్కలేనన్ని తయారవడం వల్లే అది చవకగా దొరుకుతోంది, నాణ్యత తక్కువై కాదు. దాని మూల రూపం 1896లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ గీసిన ప్లానార్ దాకా వెళ్తుంది. అన్నేళ్ళు సానబెట్టిన డిజైన్ అది. 1.4, 1.2 లెన్సులకు బాగా ఎక్కువ పెట్టాలి. వాటి లాభం తక్కువ వెలుగులో, ఎపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడే. ఎపర్చర్ 8 దగ్గర 400 స్పీడు ఫిల్మ్ మీద తీసిన రెండు నెగెటివ్‌లు పక్కపక్కన పెడితే ఏది ఏ లెన్సుతో తీశారో చెప్పడం కష్టం, తేడా కనబడేలోపే ఫిల్మ్ గ్రెయిన్ అడ్డొస్తుంది. హెన్రీ కార్టియే-బ్రెసాన్ జీవితంలో ఎక్కువ భాగం 50 ఎంఎం తోనే గడిపాడు. ఆ లెన్సుకు తోడుగా 28 గానీ 135 గానీ ఒక్కటుంటే చాలా ఏళ్ళు గడుస్తాయి. ముఖ్యంగా మౌంటు ఒక్కటే ఉండాలి. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది, పెంటాక్స్ కె మౌంటు 1975 నాటిది. అప్పటి పెంటాక్స్ లెన్స్ ఇప్పటి పెంటాక్స్ డిజిటల్ బాడీకి కూడా బిగుస్తుంది. మౌంటుకొక కెమెరా చొప్పున కొంటూ పోతే ప్రతిదానికీ మళ్ళీ 50తో మొదలుపెట్టాలి.

కొనే ముందు పరీక్షకు పది నిమిషాలు చాలు, సాధనాలేమీ అక్కర్లేదు. లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, బాడీని వెలుగుకు ఎదురుగా పట్టుకోవాలి. షట్టర్‌ను ఒక సెకనుకు పెట్టి నొక్కితే లోపల చక్రాల సర్రుమనే చప్పుడు తెగకుండా సాగాలి. మధ్యలో ఆగి మళ్ళీ కదిలిందంటే నూనె ఎండిపోయినట్టు. తరువాత వెయ్యో వంతుకు పెట్టి చూడాలి. వెలుగు అంచు నుంచి అంచు దాకా సమానంగా మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే ఫొటోలోనూ ఒక పక్క నల్లబడుతుంది. తలుపు గాడిలో వేలు పెడితే నల్లటి బంక అంటుకుందా? అది పాత స్పాంజి. మార్చడానికి పెద్ద ఖర్చు కాదు గానీ బేరమాడడానికి పనికొస్తుంది. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూస్తే దుమ్ము కణాలు కనబడతాయి, వాటితో నష్టం లేదు. సాలెగూడులా పాకిన సన్నటి పోగులు కనబడితే అది ఫంగస్, వదిలెయ్యండి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తున్నా అంతే. 1960, 70ల నాటి మోడళ్ళు కొన్ని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీతో నడిచేవి. పాదరసం మీద ఆంక్షలతో ఆ బ్యాటరీలు పోయాయి. ఇప్పటి 1.5 వోల్టులది వేస్తే వాటిలో చాలా మీటర్లు తప్పు చెబుతాయి.

‘యంత్రపు కెమెరాల మీద ఇంత పట్టుదల ఎందుకు? 1987 తర్వాత వచ్చిన కెనాన్ ఈఓఎస్‌లు, నికాన్ ఎఫ్80 లాంటివి ఇంకా చవకగా దొరుకుతాయి కదా’ అనేవాళ్ళున్నారు. ఈ మాటలో బలం ఉంది. అవి వయసులో చిన్నవి, మీటరింగ్ కచ్చితం, ఫోకస్ వాటంతటవే చేస్తాయి. ఇంట్లో ఇప్పటికే సరిపడే లెన్స్ ఉన్నవాళ్ళకు అంతకన్నా తేలికైన దారి లేదు. కానీ లోపలి బోర్డు చచ్చిన రోజున ఆ కెమెరా పని అయిపోయినట్టే. అలా పారేసినా బాధ కలగనంత ధరకు, రెండు మూడు రోళ్ళ ఖర్చుకు వస్తే తీసుకోండి. అంతకు మించి పెట్టడం దండగ.

ఇంకో అభ్యంతరం సేకరించేవాళ్ళది: ‘మేము కొని దాచకపోతే ఈ కెమెరాలు తుక్కులోకి పోతాయి’. మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్-3 లాంటివి దాచుకోవడం వెనకున్న అభిమానాన్ని నేను గౌరవిస్తాను. కానీ కదలని షట్టర్‌లో నూనె చిక్కబడుతుంది. చీకటి, తేమ రెండూ దొరికిన చోట ఫంగస్ పెరిగి లెన్స్ పూతను తింటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్ళలో తోలు కేసులో పెట్టి బీరువాలో దాచిన లెన్సుకు ఫంగస్‌ను మించిన శత్రువు లేదు. నెలకోసారైనా వెలుగు చూపించి, షట్టర్ తిప్పగలిగినన్ని కెమెరాలే ఒక మనిషి నిజంగా కాపాడగలడు. చాలామంది విషయంలో ఆ సంఖ్య మూడో నాలుగో దాటదు.

డబ్బు లెక్క కూడా ఇదే చెబుతుంది. రోలు, కడిగించడం, స్కానింగ్ కలిపి 1,500 రూపాయలు అనుకుంటే 36 ఫ్రేముల్లో ఒక్కోటి 40 రూపాయలు దాటుతుంది. అదనపు కెమెరాల మీద పెట్టే 15,000తో పది రోళ్ళు, అంటే 360 ఫొటోలు వస్తాయి. ఫొటోగ్రఫీ వంటబట్టేది ఆ 360 ఫొటోల్లోనే. ‘ఫోన్లో ఉచితంగా వస్తుంటే ఇదంతా ఎందుకు’ అనేవారికి ఫోనే సరైనది. నెగెటివ్ చేతికి రావాలని కోరుకునేవాళ్ళ కోసమే ఈ మాటలు.

ఇంత చెప్పాక మిగిలే అసలు సమస్య మెకానిక్. 2024లో పెంటాక్స్ 17 పేరుతో కొత్త ఫిల్మ్ కెమెరా తెచ్చేటప్పుడు, ఫిల్మ్‌ను చేత్తో ముందుకు తిప్పే యంత్రాంగం కోసం ఆ సంస్థ ఎప్పుడో రిటైరైన తన ఇంజనీర్లను సంప్రదించవలసి వచ్చింది. తయారుచేసిన కంపెనీ పరిస్థితే ఇదైతే మన ఊళ్ళలో ఈ విద్య ఎంత వేగంగా పోతుందో ఊహించవచ్చు. పనిచేస్తున్న మెకానిక్‌లు పెద్దవాళ్ళవుతున్నారు, నేర్చుకునేవాళ్ళు కనబడడం లేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఐటీఐలు ఉన్నాయి. మిగిలిన మెకానిక్‌లను పిలిపించి, గౌరవ వేతనమిచ్చి, ఏడాదికి పదిమందికైనా ఈ పని నేర్పించవచ్చు. పాఠకులు చేయగలిగిందీ ఒకటుంది. అటక మీద పాత కెమెరా ఉంటే అమ్మకానికి పెట్టే ముందు ఒకసారి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.