కుమారునికి నేర్పని పాఠము



మన గ్రామ సంఘములలో ఒక సణుగు వినబడుచున్నది. బడిలో ఆడపిల్లలకును మగపిల్లలకును సమానత్వమును గూర్చిన పాఠములు చెప్పుచున్నారనియు, ఇది పడమటి దేశముల నుండి వచ్చిన గాలి అనియు, వాక్యమునకు విరోధమనియు కొందరు పెద్దలు అనుచున్నారు. వారిలో బోధకులును ఉన్నారు. వారిని నేను గౌరవింతును గాని, ఈ సంగతిలో వారితో ఏకీభవింపజాలను. నేను చెప్పదలచినది ఒక్కటే. బడి ఈ పాఠము నేర్పుట వలన మనకు నష్టము లేదు. ఇల్లును సంఘమును నేర్పకపోవుట వలననే నష్టము. పైగా దీనిని మొదట నేర్పవలసినది కుమార్తెకు కాదు, కుమారునికి.

ముందుగా లేఖనమును చూతము. ఆదికాండము మొదటి అధ్యాయము 27వ వచనము చదువుడి. దేవుని స్వరూపము పురుషునికి మాత్రమే దక్కినట్లు అక్కడ లేదు. స్త్రీ పురుషులిద్దరు ఆ స్వరూపమందే సృజింపబడిరి. తరువాతి వచనములో భూమిని ఏలుమన్న ఆజ్ఞయు ఇద్దరికి కలిపియే ఇయ్యబడినది. పురుషుడు స్త్రీని ఏలుట అను మాట మూడవ అధ్యాయములో, పాపము ప్రవేశించిన పిమ్మట, ముండ్ల తుప్పలతోను నొసటి చెమటతోను కలిసి వచ్చుచున్నది. ముండ్ల తుప్పలను మన పొలములో ఉంచుకొనుచున్నామా? గుంటక తోలుదుము, కలుపు తీయుదుము. ఆ శాపములో ఈ ఒక్క భాగమును మాత్రము ఆజ్ఞ వలె కాపాడుకొనుట ఏ న్యాయము?

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమును ఎత్తి చూపువారు 22వ వచనము నుండి మొదలు పెట్టుదురు. ఒక్క వచనము ముందు నుండి చదువుడి. విశ్వాసులు ఒకరికొకరు లోబడవలెనని అక్కడ ఉన్నది. ఆ పిదప భర్తకు చూపబడిన మాదిరి, సంఘము కొరకు తన్ను తాను అప్పగించుకొనిన క్రీస్తు. వేన్నీళ్లు కాచలేదని భార్య మీద కేకలు వేయు అధికారము ఆ అధ్యాయములో ఎక్కడను లేదు.

ఇక పడమటి గాలి అను మాట. 1848లో పూనాలో ఆడపిల్లల బడి పెట్టిన జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలేలు ఏ దేశపువారు? 1874లో ధవళేశ్వరములో బాలికల పాఠశాల తెరచిన కందుకూరి వీరేశలింగముగారు ఏ దేశపువారు? అనాథలకును వితంతువులకును ఆశ్రయమిచ్చి, మరాఠీలోనికి బైబిలును తర్జుమా చేసిన పండిత రమాబాయి మన దేశపు విశ్వాసియే. మిషను వారు మన ఊళ్లలో ఆడపిల్లలకు చదువు చెప్పబూనినప్పుడు ఊరు ఏమన్నది? చదివిన ఆడది చెడిపోవునన్నది. అయినను మన అవ్వలు పలక పట్టిరి. వారిలో బైబిలు స్త్రీలు, దాదులు, ఉపాధ్యాయినులు బయలుదేరిరి. 2013లో నంద్యాల అధ్యక్ష ఖండమునకు ఇ. పుష్ప లలితగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. దక్షిణ ఇండియా సంఘములో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమెయే. ఆనాడు ఊరు మనలను నిందించిన మాటను ఈనాడు మనమే పలుకుట తగునా?

నోటితో చెప్పకున్నను ప్రతి ఇంటిలో ఒక పాఠము జరుగుచునే ఉన్నది. కుమారునికి గడ్డ పెరుగు, కుమార్తెకు మజ్జిగ. కుమారునికి బస్సు ఎక్కి పోవు కాన్వెంటు, కుమార్తెకు ఊరి బడి. అతడు ఆడుకొనును, ఆమె అంట్లు తోమును. ఎవరును వివరించి చెప్పలేదు గాని, ఐదేండ్లు నిండకమునుపే ఇద్దరికిని పాఠము వచ్చినది. తాను ఎక్కువ అని వాడు నేర్చుకొనెను. తాను తక్కువ అని ఆమె నేర్చుకొనెను.

ఆ పాఠమునకు ఫలమేమో లెక్కలలో చూడుడి. మన దేశములో ఆరేండ్ల లోపు బిడ్డలలో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుండిరి. 2001లో 927 మంది. 2011 నాటికి ఆ సంఖ్య 920కి దిగువకు పోయెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 20 మొదలు 24 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో 18 నిండకమునుపే పెండ్లి అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3 మంది, తెలంగాణలో 23.5 మంది. ఈ లెక్కలలో మన సంఘపు బిడ్డలు లేరనుకొందుమా? పదవ తరగతి పరీక్ష వ్రాసిన వేసవిలోనే పెండ్లి ప్రకటన చదువుమని అడుగువారు మన మధ్య లేరా?

బడిలో చెప్పిన పాఠము పిల్లలకు అంటదని కొందరందురు. హర్యానా రాష్ట్రములో 314 ప్రభుత్వ పాఠశాలలలో, దాదాపు 14,000 మంది విద్యార్థులతో ఈ సంగతి పరీక్షింపబడినది. కొన్ని బడులలో ఈ పాఠములు చెప్పిరి, కొన్నింటిలో చెప్పలేదు. 7వ తరగతి మొదలుకొని పై తరగతుల వరకు, రెండున్నర ఏండ్లపాటు, మూడు వారములకొకసారి ముప్పావు గంట సంభాషణ. అంతకంటె ఎక్కువ లేదు. పాఠము విన్న పిల్లల తలంపులు మారెను. మగపిల్లలు ఇంటిపనిలో ఎక్కువగా చేయి వేసిరి. రెండేండ్ల తరువాత చూచినను ఆ మార్పు నిలిచియుండెను. 2022లో అచ్చైన ఆ పరిశోధనలో మరియొక సంగతి గమనింపదగినది: ఆడపిల్లల ఆశలలో పెద్ద మార్పు కనబడలేదు. ఏలయనగా పాఠమునకు ముందే వారు పెద్ద చదువులు కోరుచుండిరి. కొరత వారి కోరికలో లేదు. వారి చుట్టునున్నవారి మనస్సులోనే కొరత ఉన్నది. అందుచేతనే కుమారునికి నేర్పుడని నేను వాదించుచున్నాను.

అయితే అన్ని వయస్సులవారికి ఒకే బోధ పనికిరాదు. పాలు త్రాగువానికి పాలు, బలమైన ఆహారము తినగలవానికి అదియే ఇయ్యవలెను.

అంగన్‌వాడీకి పోవు పసివానికి ఉపన్యాసము అక్కరలేదు. వాడు తిన్న కంచము వానిచేతనే తీయించుడి. వాడు ఏడ్చినప్పుడు ఆడపిల్ల వలె ఏడ్చెదవేమిరా అని వెక్కిరింపకుడి. లాజరు సమాధియొద్ద మన ప్రభువు కన్నీరు విడిచెను గదా.

ఒకటి మొదలు ఐదవ తరగతి పిల్లలకు కథలును పనులును బోధకులు. 2024లో కేరళ ప్రభుత్వము 3వ తరగతి పుస్తకములో తండ్రి వంటయింట కొబ్బరి తురుముచున్నట్లు బొమ్మ వేయించినప్పుడు కొందరు నవ్విరి. మనకు నవ్వు రాకూడదు. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలును రొట్టెయు సిద్ధపరచి, అలసిన శిష్యులను భోజనమునకు పిలిచెను. యోహాను సువార్త 21వ అధ్యాయము చూడుడి. ఆదివారపు బడిలో దావీదును, సమ్సోనును, దానియేలును చెప్పుదుము. దెబోరాను ఎంతమంది పిల్లలెరుగుదురు? నయమానుకు స్వస్థతా మార్గము చూపిన ఆ చెరపట్టబడిన చిన్నదానిని ఎంతమంది ఎరుగుదురు? మరి మన ఆరాధన వేళ చాపలు పరచునది ఎవరు, కానుకల సంచి పట్టునది ఎవరు? ఆడపిల్లలు ఊడ్తురు, మగపిల్లలు సంచి పట్టుదురు. వంతులు వేయుడి. ఈ వారము చీపురు పట్టినవాడు వచ్చు వారము సంచి పట్టును. ఈ వారము సంచి పట్టినది వచ్చు వారము చీపురు పట్టును.

ఆరు మొదలు పదవ తరగతి వరకు గల వయస్సు కష్టమైనది. శరీరములు మారును, మనము సిగ్గుపడి నోరు మూసికొందుము, ఫోనులోని బొమ్మలు మన స్థానమున బోధించును. నెలసరి అంటు కాదనియు, దేవుడు చేసిన శరీర ధర్మమనియు బాలురకును చెప్పవలెను. రక్తస్రావముతో పండ్రెండేండ్లు బాధపడిన స్త్రీ తన్ను ముట్టినప్పుడు ప్రభువు ఆమెను గద్దింపలేదు, కుమారీ అని పిలిచెను. బడి దారిలో అల్లరి చేయువాడు మగపిల్లవాడు. బడి మానునది ఆడపిల్ల. ఈ అన్యాయమును మనము ఆడపిల్లకు జాగ్రత్తలు చెప్పి సరిపెట్టుచున్నాము. జాగ్రత్త చెప్పవలసినది వానికి. 2006 నాటి చట్టము ప్రకారము వివాహమునకు స్త్రీకి 18, పురుషునికి 21 ఏండ్లు నిండవలెనని ఈ తరగతులలోనే ఇద్దరికి తెలియవలెను.

ఇంటరు చదువు యౌవనస్థులకు ధర్మమును చట్టమును కలిపి చెప్పుడి. వరకట్నము 1961 నుండి నేరము. సంఘములో దానికి కానుక అని పేరు పెట్టినను అది నేరమే. వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో 1925 నాటి ఇండియా వారసత్వ చట్టము కుమారునికిని కుమార్తెకును సమభాగమే ఇచ్చుచున్నది. తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ కుమార్తెలకును అదియే వర్తించునని, కొట్టాయములో బడి నడిపిన మేరీ రాయ్ గారి వ్యాజ్యెములో సుప్రీంకోర్టు 1986లో తీర్పు చెప్పినది. చట్టమునకు ఎంతో ముందే యోబు తన కుమార్తెలకు వారి అన్నదమ్ములతోపాటు స్వాస్థ్యమిచ్చెను. ఆ వచనము మన బైబిళ్లలో ఉన్నది. మన పొలముల పత్రములలో లేదు.

మహిళా దినోత్సవము నాడు ఆడవారికి ముగ్గుల పోటీ పెట్టి, పురుషులు కుర్చీలలో కూర్చుండి చప్పట్లు కొట్టుట సమానత్వము కాదని బడి వారికిని మనవి చేయుచున్నాను. బోధించువారి నడవడియే పిల్లలు చదువు మొదటి పుస్తకము.

కావున సంఘ పెద్దలారా, పాఠమునకు అడ్డుపడకుడి. దానిని మీ ఇంట మొదలు పెట్టుడి. ఈ ఆదివారము భోజనవేళ మీ కుమారుడు తన తల్లికిని అక్కచెల్లెండ్రకును వడ్డింపవలెను. వారు తిన్న తరువాత తాను తినవలెను. వానికి అవమానమని ఎవరైన అనిన యెడల, శిష్యుల పాదములు కడిగినవాడు ఎవరో వారికి జ్ఞాపకము చేయుడి. కుమార్తె చదువునకు కట్టవలసిన రుసుము కుమారుని మోటారు సైకిలు కంటె ముందు కట్టుడి. పెండ్లి ప్రకటనకు వచ్చినవారిని పుట్టిన తేదీ కాగితము అడుగుమని మీ పాదిరిగారితో చెప్పుడి. ఆయన వెనుకాడినచో మీరే అడుగుడి.

మన కుమారులను తన కుమారుని పోలికలోనికి మార్చుటకు తండ్రియైన దేవుడు మన ఇండ్లకును సంఘములకును కృప దయచేయును గాక. ఆమేన్.