టాపర్ నాన్న ఏం చేస్తారు?.. రేపటి జీతం తేల్చేది కాలేజీనా, కుటుంబమా?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే బెజవాడలో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. టీవీ పెడితే ర్యాంకుల యాడ్స్, రోడ్డెక్కితే టాపర్ల ఫొటోలతో ఫ్లెక్సీలు. మేమూ తక్కువేం కాదు. మైక్ పట్టుకుని టాపర్ ఇంటికి పరిగెడతాం. మొదటి ప్రశ్న.. రోజుకు ఎన్ని గంటలు చదివావు? రెండో ప్రశ్న.. నాన్నగారు ఏం చేస్తారు?

ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే హెడ్‌లైన్ మారిపోతుంది. నాన్న ఆటో డ్రైవర్ అయితే థంబ్‌నెయిల్ మీద పెద్దక్షరాల్లో వేస్తాం. డాక్టరో, లెక్చరరో అయితే ఆ ముక్క వీడియోలో ఎక్కడో ఓ మూల ఉండిపోతుంది. డాక్టర్ కొడుక్కి ర్యాంక్ రావడం మామూలే కదా! అరుదుగా జరిగేదే వార్త. కానీ ఏటా ఆ అరుదైన వీడియోలే చూసే తల్లిదండ్రులకు మాత్రం మంచి కాలేజీలో చేర్పిస్తే చాలు, మిగతాదంతా అదే జరిగిపోతుంది అనిపిస్తుంది. అప్పు చేసి మరీ ఫీజు కట్టేది ఆ నమ్మకంతోనే.

మరి ఆ నమ్మకంలో నిజమెంత?

పేరున్న కాలేజీలో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తారు. అది కళ్ల ముందు కనిపిస్తున్నదే. అయితే అది కాలేజీ గొప్పతనమా, లేక చురుకైన పిల్లల్ని, కలిగినవాళ్ల పిల్లల్ని ముందే ఏరుకోవడం వల్ల వచ్చిందా? ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా ఈ ముడి విప్పే పనిలోనే ఉన్నారు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు 1976లో కాలేజీలో చేరిన విద్యార్థుల లెక్కలు తీశారు. పెద్ద కాలేజీలో సీటొచ్చి చేరినవాళ్లు, సీటొచ్చినా కాదనుకుని మామూలు కాలేజీకి వెళ్లినవాళ్లు.. వీళ్లిద్దరి సంపాదన పోల్చారు. 2002లో వచ్చిన ఆ రీసెర్చ్ ప్రకారం సగటున పెద్ద తేడా లేదు. ఒక్క మినహాయింపు ఉంది. తక్కువ ఆదాయమున్న ఇళ్ల పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ వల్ల సంపాదన పెరిగింది.

అంటే ఆటో డ్రైవర్ కొడుక్కి కాలేజీ దండగ అని కాదు. అసలు దాని అవసరం ఎక్కువ ఉన్నది అతనికే. ఉద్యోగం ఎక్కడుందో చెప్పే బాబాయి, రెజ్యూమె దిద్దిపెట్టే అక్క ఇంట్లో లేనప్పుడు ఆ పని చేసిపెట్టేది కాలేజీయే. ఇది నా అభిప్రాయం అనుకోండి.

మన దగ్గర లెక్క ఎలా ఉంది?

ఉమ్మడి ఏపీలో 2008లో ఓ పెద్ద ప్రయోగం మొదలైంది. 180 గ్రామాలు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దానిపై పరిశోధన చేశారు. సర్కారు బడి పిల్లల్లో కొందరిని లాటరీ తీసి, ఫీజు కట్టి ప్రైవేట్ స్కూళ్లకు పంపారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగు, లెక్కల్లో రెండు వర్గాల మార్కులూ దాదాపు సమానం! హిందీలో మాత్రం ప్రైవేట్ పిల్లలు ముందున్నారు. ప్రైవేట్‌లో తెలుగు, లెక్కలకు తక్కువ టైమ్ ఇచ్చి మిగతా సబ్జెక్టులకు ఎక్కువ ఇచ్చారు. ఒక్కో విద్యార్థి మీద వాళ్లకయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువే. అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అవి పల్లెటూరి ప్రైమరీ స్కూళ్లు. మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీలకు ఆ లెక్కను యథాతథంగా తగిలించలేం.

డెల్టాలో 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' అంటే పొలమే

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాల్వల కింద మాగాణి పెరిగింది. పంట మిగులు రైస్ మిల్లుల్లోకి, సినిమాల్లోకి, ఆ తర్వాత చదువుల్లోకి వెళ్లింది. 1977లో కానూరులో వీఆర్ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. రాష్ట్రంలో ప్రైవేట్ ఇంజనీరింగ్ చదువులకు అది తొలిరోజుల పేరు. కోస్తాలో భూమి ఉన్న రైతులు, ముఖ్యంగా కమ్మ కుటుంబాలు, పెట్టుబడిదారులుగా ఎలా మారారో కరోల్ ఉపాధ్య 1988లోనే రాశారు. అదే పొలాల్లో కూలి చేసినవాళ్లకు, కౌలుకు దున్నినవాళ్లకు ఆ మిగులు దక్కలేదు.

ఇది పాత చరిత్ర అనుకుంటే పొరపాటే. ఇద్దరు కుర్రాళ్లను ఊహించుకోండి. ఒకే ఇంజనీరింగ్ కాలేజీ, ఒకే బెంచ్, దాదాపు ఒకే మార్కులు. ఒకడి నాన్నకు కంకిపాడు దగ్గర రెండెకరాలుంది. ఇంకొకడి నాన్న ఆ రెండెకరాలనే కౌలుకు చేస్తున్నాడు. ఇద్దరికీ అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది. ఎడ్యుకేషన్ లోన్ 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి. మొదటివాడి వెనుక ఆస్తి ఉంది. రెండోవాడు ఏం పెడతాడు?

సరే, ఎమ్మెస్ వద్దు, హైదరాబాద్ వెళ్దాం అనుకున్నా అమీర్‌పేటలో హాస్టల్ అద్దె, కోర్సు ఫీజు, జాబ్ వచ్చేదాకా ఆరు నెలల ఖాళీ. అన్నీ ఖర్చే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక చాలా పేద ఇళ్లలో మొదటి ఇంజనీర్ తయారయ్యాడు, అందులో డౌట్ లేదు. కానీ అది కోర్సుతోనే ఆగిపోతుంది. ఇంట్లో వడ్డీ నడుస్తుంటే రెండోవాడు దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోతాడు. పదేళ్ల తర్వాత ఇద్దరి జీతాల మధ్య తేడా ఉంటే అది కాలేజీ వల్ల వచ్చిన తేడా కాదు.

అందుకే ఇంటర్ రెండేళ్లకే ఉన్నదంతా ఊడ్చి కట్టేసే తల్లిదండ్రుల్ని చూస్తే భయమేస్తుంది. బీటెక్ అయ్యాక వచ్చే ఆ ఏడాదికి చేతిలో ఏమీ మిగలదు. ఫ్లెక్సీ మీద ఆ ఏడాది ఫొటో ఎవరూ వేయరు. టాపర్ ఇంటికి ఐదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి, ఇప్పుడేం చేస్తున్నావు అని అడిగిన సందర్భాలు మా దగ్గరా తక్కువే.

2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో తనఖా, హామీ లేకుండా లోన్ ఇస్తారు. అయితే అది దేశంలోని ఎంపిక చేసిన టాప్ సంస్థలకే, విదేశీ చదువులకు కాదు. సీటు ఖాయం చేసుకునే ముందే ఆ లిస్టులో మీ కాలేజీ ఉందో లేదో చూసుకోండి.