చేయి పట్టిన పేరు

బిడ్డకు పేరిడుట తల్లిదండ్రుల తొలి దీవన. జర్మనులు కుమారునకు ఫ్రీడ్రిష్ అని పేరిడుదురు. శాంతి, పాలకుడు అను రెండు ప్రాచీన పదముల కలయిక అది. లుడ్విగ్ అనగా సమరమున ప్రసిద్ధుడు. మన లింగాల పరిసరములలోను, కడప సీమయంతటను వినవచ్చు దస్తగిరి అను పేరు వీనికేమి తీసిపోయినది?

ఇందలి 'గిరి' కొండ కాదు. పారసీ భాషలో 'దస్త్' చేయి, 'గీర్' పట్టువాడు. ఆపదలో చేయి పట్టి ఆదుకొనువాడని భావము. బాగ్దాదులో 1166లో పరమపదించిన హజ్రత్ అబ్దుల్ ఖాదర్ జీలానీ గారి బిరుదమిది. మ్రొక్కుబడి వలన కలిగిన బిడ్డలకు హిందువులును ఇట్టి పేర్లిడి దస్తగిరిరెడ్డి, మస్తానయ్య, హుసేనప్ప అని పిలుచుకొనిరి.

ఇట్టి పేర్లు మోటువని మన విద్యార్థులు కొందరు సిగ్గుపడుచున్నారు. అర్థమెరిగినచో సిగ్గుకు తావులేదు. మతమడుగక చేయి పట్టిన పేరును మన తరము జారవిడువరాదు.